మిణుగురమ్మకు పెట్టిన లోపం

నల్లగుట్ట గని ల్యాంప్ రూంకు ఒకసారి పులి వచ్చింది. ఆ సంగతి అక్కడ దీపాలిచ్చే చందర్ చెప్పాడు కాబట్టి కాలనీలో అందరికీ తెలుసు. మొదటి షిఫ్టు దిగే పొద్దుటి వేళ అది కార్మికుల వెనకాల వరసలో నిలబడిందట. ఎవరినీ తోసుకుని ముందుకు రాలేదట. తన వంతు వచ్చాక కిటికీలో తల పెట్టి దీపం అడిగిందట.

"బిళ్ళ ఏదీ?" అన్నాడు చందర్.

లేదంది పులి.

"బిళ్ళ లేనిది దీపం లేదు. పులివైతే నాకేంది, మేనేజర్‌వైతే నాకేంది? జరుగు, ఎనక మంది ఉన్నరు."

పులి చిన్నబోయి ఇల్లెందు అడవి దారి పట్టింది. చందర్ ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ పులి జానెడు పెరిగేది. రెండువేల ఐదో సంవత్సరం నాటికి పద్నాలుగు అడుగులైంది. సాక్షి ఎవరని అడిగితే, ఉన్నాడు గానీ చండ్రుగొండలో పొలం కొనుక్కుని వెళ్ళిపోయాడనేవాడు.

చందర్ తండ్రి తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు ఎత్తిన మనిషి. కొడుకు చేతికి అవి రాకూడదని కేరళ సిస్టర్లు నడిపే మిషన్ స్కూల్లో వేశాడు. వాళ్ళు చందర్‌కు ఇంగ్లీషు చదవడం, గోళ్ళు శుభ్రంగా ఉంచుకోవడం, అబద్ధం ఆడకుండా ఉండడం నేర్పారు. మొదటి రెండూ వంటబట్టాయి. శుక్రవారాలు ఫాదర్‌కు తప్పులు చెప్పుకునే పాపసంకీర్తనానికి పిల్లలు వరస కడితే, తను ఆ మతం కాకపోయినా చందర్ కూడా వెళ్ళి నిలబడేవాడు. తన పాపాలు మరీ చప్పగా ఉన్నాయని పక్క బెంచీ వాడివి కూడా తనవిగా కలిపి చెప్పేవాడు. ఫాదర్ తెర వెనక దగ్గినట్టు నవ్వేవాడట. పరాయివాళ్ళ బతుకు తీసుకుని తన మాటగా చెబితే జనం వింటారని చందర్‌కు అక్కడే తెలిసింది.

పెద్దయ్యాక గనిలో ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ళు లోపల పనిచేసి, నడుము పట్టేశాక ల్యాంప్ రూంకు మారాడు. ఆ గదిలో పని చెప్పుకోవడానికి చిన్నదే గానీ లెక్క తప్పకూడదు. ప్రతి కార్మికుడికీ ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన బిళ్ళ ఉంటాయి. దిగేటప్పుడు కిటికీలో బిళ్ళ ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. చందర్ ఆ బిళ్ళను బోర్డు మీద అదే నంబరున్న మేకుకు తగిలిస్తాడు. మనిషి పైకొచ్చి దీపం అప్పజెబితే బిళ్ళ తిరిగి ఇచ్చేస్తాడు. మేకుకు బిళ్ళ వేలాడుతుంటే మనిషి భూమి లోపల ఉన్నాడని, మేకు ఖాళీగా ఉంటే పైకొచ్చాడని అర్థం. అక్షరం రానివాడు కూడా ఆ బోర్డు చదవగలడు.

పదిహేడో మేకుకు మాత్రం పదకొండేళ్ళుగా బిళ్ళ వేలాడుతూనే ఉంది.

అది సీతయ్యది. తొంభై నాలుగులో మూడో లెవెల్లో కప్పు కూలింది. వెనకాలే పొగ కమ్మింది. నలుగురిని బయటికి తెచ్చారు. సీతయ్య దొరకలేదు. నిప్పు పాకకుండా ఆ భాగానికి గోడ కట్టి మూసేశారు. అతని బిళ్ళ ఎవరు తీయాలి, తీసి ఎవరికివ్వాలి అన్నది ఎవరికీ తోచలేదు. అలాగే ఉండిపోయింది. రెండువేల మూడులో ఇత్తడి బిళ్ళలన్నీ తీసేసి అల్యూమినియంవి ఇచ్చినప్పుడు కూడా పదిహేడు జోలికి ఎవరూ పోలేదు. ఆ నంబరు కొత్తవాళ్ళెవరికీ ఇవ్వలేదు. గోడకు రంగులు వేసేవాడు సైతం ఆ మేకు చుట్టూ కుంచె తిప్పుకుని వెళ్ళాడు.

సీతయ్య భార్య అనంతమ్మకు అతని బదులు గని ఆఫీసులో ఊడ్చే ఉద్యోగం ఇచ్చారు. రోజూ మూడు గంటలకు, మొదటి షిఫ్టు వాళ్ళు పైకొచ్చే వేళకు, ఆమె ల్యాంప్ రూంలోకి వచ్చేది. గడప దాటి రెండడుగులు వేసి ఆగేది. కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసేది. తరవాత చూపుడు వేలితో పదిహేడో బిళ్ళను ముట్టి, ఆ వేలి కొసను నోటితో ఊది, కళ్ళకద్దుకుని ఇంటికి వెళ్ళేది. ఏడాదికి మూడు వందల రోజులు, పదకొండేళ్ళు.

చందర్ ఆమెను "చెల్లె" అనేవాడు. ఆమె "చందరన్నా" అనేది. ఆమె వచ్చే వేళకు పులి కథలో ఉన్నా ఆపేవాడు. అంతవరకు మంచివాడే.

ఆ ఏడు మే నెలలో చందర్ కూతురు శ్రీదేవి సెలవులకు ఇంటికి వచ్చింది. హైదరాబాదులో ఇంజనీరింగు రెండో సంవత్సరం. బట్టల సంచీతో పాటు ఇటుకంత పుస్తకం ఒకటి తెచ్చింది. ఇంగ్లీషుది, జిరాక్సు తీసి స్పైరల్ వేసినది.

"గిదేం సబ్జెక్టు బిడ్డా? మస్తు లావుంది," అన్నాడు చందర్.

"సబ్జెక్టు కాదు బాపూ, ఆట. హాస్టల్ల అందరం ఆడతం. ఒకలు కథ నడిపిస్తరు. మిగిలినోళ్ళు ఒక్కొక్కలు ఒక్కో మనిషిని తయారుచేసుకుని ఆ కథలకు దిగుతరు. వీరుడు గావచ్చు, మంత్రగాడు గావచ్చు. ఏం చేస్తున్నవో నోటితోని చెప్పాలె. అయిందో కాలేదో పాచిక చెప్తది."

"అంటే అబద్ధాలాడుడే గదా?"

"రూల్స్ ఉంటయి."

"అబద్ధానికి రూల్స్ ఉన్నయంటే ఇది నాకోసం రాసిన పుస్తకమే," అన్నాడు చందర్, చాప పరుస్తూ.

చందర్ భార్య కళావతి, ఆడనంటూనే వచ్చి కూర్చుని, దొంగ వేషం ఎంచుకుంది. "ఇంట్ల ఎట్లాగూ నీ జేబుల్లకెంచి నేనే తీస్త, అలవాటే," అంది. ఎదురు క్వార్టర్ రాజేష్ శ్రీదేవికి ఇంటర్‌లో క్లాస్‌మేట్. వాడు వీరుడు. చందర్ మాత్రం పుస్తకం ముందరేసుకుని, వేలు పెట్టి ఇంగ్లీషు చదువుకుంటూ, ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాడు. అరచేతి మీద నిలబడ్డ చిన్న ఆడమనిషి. వీపు మీద రెక్కలు.

"గీమె గావాలె నాకు."

రాజేష్ పగలబడి నవ్వాడు. "మామా, మీసాలు పెట్టుకోని ఫెయిరీవైతవా?"

"మీసాలుంటే ఏందిరా? మిషన్ స్కూల్ల డ్రామా ఏస్తే అందరు ఆడపిల్లలకు రెక్కలు కట్టిన్రు, నన్ను చెట్టును చేసి నిలబెట్టిన్రు. రెండు గంటలు కొమ్మలు పట్టుకోని నిలబడ్డ. నలభై ఐదేండ్ల బాకీ ఇది."

శ్రీదేవి తెల్ల కాగితం మీద గళ్ళు గీసి ప్రశ్నలు చదివింది. పేరు? మిణుగురమ్మ. ఎత్తు? సబ్బుపెట్టె నిలబెడితే ఎంతో అంత. పుట్టిన చోటు? "గోదారి అవతల గుట్టల్ల, ఇప్పచెట్టు తొర్రల. ఇప్పపూలు రాలే తెల్లారుజామున పుట్టింది గాబట్టి కొంచెం తూలుతది." రెక్కలు? బీడీలు చుట్టే తునికాకుల్లా ఉంటాయి, ఎండాకాలం ముదురుతాయి. తిండి? చీమలతో కలిసి తింటుంది గానీ చీమలను తినదు. చేసే పని? గనుల్లో దారి తప్పినవాళ్ళ ముందు మినుకు మినుకుమంటూ ఎగిరి, పైకి దారి చూపిస్తుంది.

"మస్తుంది బాపూ," అంది శ్రీదేవి. నిజంగానే బాగుందని ఆమె ముఖం చెప్పింది. "ఇప్పుడొక లోపం చెప్పు. లోపం లేని మనిషిని ఒప్పుకోరు. లోపం ఎంత పెద్దదైతే శక్తులు అన్ని ఎక్కువిస్తరు."

"చేపల వాసన పడదు."

"చిన్నది. ఒక్క పాయింటు గూడ రాదు."

"శనివారం నాడు ఎగరది."

"బాపూ, సీరియస్‌గ చెప్పు."

చందర్ లేచాడు. ఏమీ అనుకోలేదు. తరవాత ఎన్నిసార్లు తవ్వుకున్నా, ఆ క్షణాన చెడు ఏమీ అనుకున్నట్టు గుర్తు రాలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టేది. గదిలో రెండడుగులు వేసి ఆగాడు. కుడి భుజం మీదుగా చూశాడు, ఎడమ భుజం మీదుగా చూశాడు. గోడకున్న క్యాలెండర్ మేకును చూపుడు వేలితో ముట్టి, వేలిని ఊది, కళ్ళకద్దుకున్నాడు.

"గీ మేకు ముట్టనిదే ఇంటికి ఎగిరిపోలేదు. ఎవడన్న మేకు దాస్తే రెక్కలు పడిపోతయి. అక్కడ్నే కూలబడ్తది."

రాజేష్ చాప మీద దొర్లాడు. "అనంతమ్మత్త! అచ్చం అనంతమ్మత్తే మామా! ఇంకోపారి చెయ్యి!"

చందర్ ఇంకోసారి చేశాడు. అడుగులో ఆమెకున్న చిన్న ఈడ్పు కూడా ఈసారి కలిపాడు. శ్రీదేవి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది గానీ నవ్వింది. కళావతి నవ్వలేదు.

"గది తప్పు," అంది.

"ఆమె పేరు చెప్పిన్నా? మిణుగురమ్మ గదా."

"పేరు చెప్పకుంటే తప్పు గాదా?"

శ్రీదేవి పుస్తకం తిరగేసి, ఇది పెద్ద లోపం కిందికే వస్తుందని తేల్చింది. దానికి బదులుగా మిణుగురమ్మకు రెండు శక్తులు ఎక్కువ దొరికాయి. గాలిని ఆపడం, మూసిన గోడలోంచి దూరిపోవడం. చందర్ తనే ఎంచుకున్నాడు. ఏ గోడ సంగతి తన మనసులో ఉందో అప్పుడు చూసుకోలేదు.

పాచిక దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఈ ఆటకు ఇరవై ముఖాల పాచిక కావాలి. హాస్టల్లో ఎవరిదో ఒకటుందట. ఖమ్మంలో బస్టాండు నుంచి మిర్చి యార్డు దాకా శ్రీదేవి అడిగింది, దుకాణాలవాళ్ళు ఆమెను వింతగా చూశారు. ఉపాయం చందరే చెప్పాడు. తీసేసిన పాత ఇత్తడి బిళ్ళలు ల్యాంప్ రూంలో డబ్బాలో పడి ఉన్నాయి. ఒకటి నుంచి ఇరవై దాకా తెచ్చి, పాత గని టోపీలో వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే సరి. పెద్ద నంబరు వస్తే పని అయినట్టు. ఆ డబ్బాలో పందొమ్మిదే దొరికాయి. పదిహేడు డబ్బాలో లేదు, బోర్డు మీద ఉంది. దాని బదులు అట్టముక్క కోసి వేశారు.

ఆ మూడు వారాలు చందర్ ఇంట్లో ఆదివారాలు ఎంత సందడిగా గడిచాయంటే, పక్క క్వార్టర్లవాళ్ళు కిటికీల దగ్గర నిలబడి వినేవాళ్ళు. మిణుగురమ్మ కొండచిలువను మాటల్లో పెట్టి నిద్రపుచ్చింది. భద్రాచలం రేవులో పడవ దొంగలను కరక్కాయలతో కొట్టింది. మధ్యమధ్య ఆ రెండడుగులు, ఆ ఊదడం. అడగ్గానే చందర్ లేచి చేసేవాడు. జనం నవ్వుతుంటే కూర్చోబుద్ధయ్యేది కాదు.

చివరి ఆదివారం వచ్చింది. మర్నాడు పొద్దున శ్రీదేవి ప్రయాణం. మిణుగురమ్మ, వీరుడు, దొంగ ముగ్గురూ రాక్షసుడి గుహలో ఉన్నారు. ముందువారమే రాజేష్ గొడవపెట్టాడు.

"మామా, నీ వేళ్ళకు కండ్లున్నయి. అట్టముక్క దొరుకుతనే పదిహేడని తెలుస్తది. కావాల్నంటే తీస్తున్నవ్. నిజం బిళ్ళ ఉంటెనే ఆడుత, లేకుంటే లేదు."

ఆదివారం గనికి సెలవు. సోమవారం పొద్దున ఆరింటికి కిటికీ తెరిచేది తనే. ఒక్క రోజు. శనివారం షిఫ్టు ముగిసి, అనంతమ్మ వచ్చి ముట్టి వెళ్ళాక, గదికి తాళం వేసే ముందు చందర్ పదిహేడో మేకు మీద నుంచి బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. పదకొండేళ్ళలో దాన్ని తీసిన మొదటి మనిషి అతనే. అరచేతిలో మిగతావాటికంటే బరువుగా తోచిందని తరవాత అనుకున్నాడు గానీ, అది కూడా కథే. అన్నీ ఒకే అచ్చులో పోసినవి.

ఆదివారం సెలవైనా నీళ్ళు తోడే పంపులవాళ్ళు కొందరు డ్యూటీలో ఉంటారని, వాళ్ళ దీపాల కోసం ల్యాంప్ రూం ఇంకో తాళంచెవితో తెరుస్తారని చందర్‌కు తెలియంది కాదు. ఆఫీసు కడగడానికి ఆ ఆదివారం అనంతమ్మను పిలిచారన్నది మాత్రం తెలియదు.

నాలుగు గంటలు కావస్తోంది. గుహలో రాక్షసుడు మేకు దాచేశాడు. మిణుగురమ్మ దాన్ని వెతుక్కుంటోంది. చందర్ గది మధ్యలో నిలబడి కుడి భుజం మీదుగా చూశాడు. ఎడమ భుజం మీదుగా చూశాడు. వేలు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

వాకిట్లో అనంతమ్మ నిలబడి ఉంది.

కాళ్ళకు చెప్పులు లేవు. కొంగు జారింది. ఒగరుస్తోంది.

"చందరన్నా! పదిహేడు లేదు! మేకు ఖాళీగుంది!"

ఆమె ద్వారబంధం పట్టుకుంది.

"పైకొచ్చిండా అన్నా? నీ బుక్కు చూడన్నా, ఎవలన్న దీపమిచ్చిన్రా? గోడ తీసిన్రా? పంపు నడిపేటోళ్ళను అడిగితె మాకు తెల్వదంటున్నరు. నువ్వైతె చెప్తవని ఉరికొచ్చిన."

చందర్ వేలు ఇంకా నోటి దగ్గరే ఉంది. ఆమె అది చూడలేదు. తను చేసే పనే ఆయన చేస్తున్నాడని ఆమెకు తట్టలేదు. ఆమె చూపంతా ఆయన నోటి నుంచి రాబోయే మాట మీదే ఉంది. చాప మీద టోపీ, టోపీలో బిళ్ళలు. కళావతి భుజం మీది తువ్వాలు తీసి టోపీ మీద కప్పింది. పప్పు గిన్నె మీద మూత పెట్టినట్టు, అంత మామూలుగా.

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. చందర్ నోటికి ఎప్పుడూ మాటలు కరువు లేదు. ఆ పూట కూడా కరువు కాలేదు.

"నేనే తీసిన చెల్లె. మసి పట్టింది గదా, తోముదామని తెచ్చిన. రేపు పొద్దుగాల్ల పెడ్త."

అనంతమ్మ గడప మీద కూర్చుంది. ఆమె భుజాలు ఎలా దిగిపోయాయో గదిలో నలుగురూ చూశారు. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, చిన్నగా నవ్వింది.

"చూసినవా వదినె, నా పిచ్చి? పదకొండేండ్లకు నడుసుకుంట వస్తడట! జెర మంచినీళ్ళియ్యి."

కళావతి నీళ్ళిచ్చింది.

"ఇన్నేండ్లల్ల దాని దిక్కు ఎవలు చూడలేదన్నా," అంది అనంతమ్మ లేస్తూ. "ఉందో లేదో గూడ ఎవలకు పట్టలె. నువ్వొక్కనివి తోముదామనుకున్నవ్. నీ పిల్లలు సల్లగుండ."

ఆమె రెండు చేతులూ జోడించింది. చందర్ ఆ దండాన్ని తీసుకున్నాడు. తీసుకోకుండా ఉండడానికి తోవ లేదు.

ఆమె వెళ్ళాక రాజేష్ చెప్పులు వెతుక్కుని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయాడు. శ్రీదేవి కాగితాలు మడిచింది. మిణుగురమ్మ కాగితం మాత్రం మడవకుండా తండ్రి ముందు పెట్టింది.

"ఇది నేను తీస్కపోను బాపూ. నేను గూడ నవ్విన."

"ఎనకనే పో, చెప్పు," అంది కళావతి. "ఇంక మూల గూడ తిరిగుండది."

"రేపు చెప్త."

"రేపటికి అబద్ధం ముదురుతది."

చందర్ వెళ్ళలేదు. చెప్పిన అబద్ధం నిజం చేస్తే సగం పాపం పోతుందనుకున్నాడు. పెరట్లో కూర్చుని, చింతపండు, బూడిద పెట్టి ఆ బిళ్ళను తోమాడు. కసిగా తోమాడు. పొద్దు గూకే వేళకు అది కొత్త పెళ్ళికూతురి బిందెలా మెరిసింది. సోమవారం ఆరింటికి మేకుకు తగిలించాడు. కూతురిని బస్సెక్కించడానికి కళావతి ఒక్కతే వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం మూడింటికి అనంతమ్మ వచ్చింది. చేతిలో తాటాకు పొట్లం. చందర్ కోసం ముంజెలు తెచ్చింది. పొట్లం కిటికీ బల్ల మీద పెట్టి, రెండడుగులు వేసి ఆగింది. భుజాల మీదుగా చూసింది. చెయ్యి ఎత్తింది. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"మంచిగ మెరుస్తుందన్నా," అంది. చెయ్యి దించి, "గాని... ఏడ ముట్టుకోవాల్నో తెలుస్తలేదు," అంది.

"ఏమాయె చెల్లె?"

"బిళ్ళంత నల్లగుండి నడుమ ఒక్కకాడ పచ్చగ మెరుస్తుండె. నా ఏలు పడి పడి. ఏడు అంకె కిందికి. ఏలు పెడ్తె సరిగ్గ దాంట్ల కూసునేది. ఇప్పుడంత ఒక్కతీరుగ ఉంది."

చందర్ బోర్డు వైపు చూడలేకపోయాడు. మూడు వేల సార్లు ఆమె వేలు రాసి రాసి అక్కడ వేలి కొసంత మెరుపు ఉండేది. ఇరవయ్యేళ్ళు ఆ గదిలో పనిచేసి, రోజూ ఆమెను చూసి, ఆమె భుజం ఎంత తిప్పుతుందో, కాలు ఎంత ఈడుస్తుందో అన్నీ పట్టుకున్నాడు. ఆ వేలు ఎక్కడ ఆనుతుందో మాత్రం చూడలేదు.

ఆయన కిటికీ తలుపు దగ్గరికి వేశాడు. బయట వరసలో నిలబడ్డవాళ్ళు గోల చేశారు.

"తోముదామని తీయలే," అన్నాడు. "ఆటకు తీసిన."

చెప్పాడు. అలంకారం లేకుండా మాట్లాడడం అలవాటు లేనివాడు కాబట్టి మాటలు ముక్కలుగా వచ్చాయి. ఆట ఏమిటో, బిళ్ళలు ఎందుకో చెప్పాడు. మిణుగురమ్మ సంగతి చెప్పాడు. లోపం ఎక్కడ నుంచి తెచ్చాడో, ఎన్నిసార్లు చేసి చూపించాడో, ఎవరెవరు నవ్వారో చెప్పాడు. ఆమె వాకిట్లోకి వచ్చిన నిమిషాన తన వేలు ఎక్కడుందో కూడా చెప్పాడు. అది చెప్పకపోయినా ఆమెకు తెలిసేది కాదు.

అనంతమ్మ వింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"కాయితం ఉందా?"

చొక్కా జేబులోంచి తీశాడు.

"సదువు."

చదివాడు. సబ్బుపెట్టె ఎత్తు, ఇప్పచెట్టు తొర్ర, తునికాకు రెక్కలు. గనుల్లో దారి తప్పినవాళ్ళకు పైకి దారి చూపించడం. లోపం దగ్గర కాగితం దించాడు. ఆమె ఆగింది. ఆయన దాన్ని కూడా చదివాడు. దానికి బదులు దొరికిన శక్తులు చదివాడు. గాలిని ఆపడం. మూసిన గోడలోంచి దూరిపోవడం.

"చింపేస్త చెల్లె," అన్నాడు.

"చింపితె నీ మనసు అల్కగైతది. ఉండనియ్యి."

బయట ఎవరో కిటికీ మీద కొట్టారు. అనంతమ్మ ఆ చప్పుడు తగ్గేదాకా చూసింది.

"నన్ను చూసి నవ్విన్రని కాదన్నా. నవ్వుతరు, నాకెరికె. నిన్న గీడికెంచి మీ ఇంటిదాక ఉరికిన. ఆ తొవ్వంత ఆయన బతికున్నడు. ఇంటికి పోతె బువ్వ లేదు, ఏమొండాల్నని గూడ అనుకున్న. గంత సేపు నువ్వు నాకిచ్చినవో, నా కాడ్నించి గుంజుకున్నవో, నాకు సమజైతలేదు."

చందర్ కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ముంజెలు తిను. ఎండకు నీరుగారిపోతయి," అంది. చీపురు తీసుకుని వెళ్ళింది. ఆ రోజు బిళ్ళ ముట్టలేదు.

మర్నాడు ముట్టింది. ఆ తరవాత రోజూ వచ్చింది. మునుపటిలాగే "చందరన్నా" అని పిలిచింది. ఆమె రావడం మానేసి ఉంటే, తిట్టి ఉంటే, నలుగురిలో చెప్పి ఉంటే చందర్‌కు తేలికయ్యేది. ఆమె అవేమీ చేయలేదు. మూడు కావస్తుంటే చందర్ బ్యాటరీలు చూసే నెపంతో వెనక గదిలోకి వెళ్ళి, ఆమె అడుగుల చప్పుడు పోయేదాకా అక్కడే నిలబడేవాడు. ఆ అడుగులు లెక్కపెట్టకూడదనుకునేవాడు గానీ చెవులు లెక్కపెట్టేవి.

పులి పెరగడం ఆగిపోయింది. ఎవరైనా అడిగితే, "వచ్చింది, పోయింది," అనేవాడు. వయసు మీద పడిందని కొందరు, షుగరని కొందరు అన్నారు. కళావతికి కారణం తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు. తువ్వాలు కప్పింది తనే కదా.

రెండువేల తొమ్మిదిలో చందర్ రిటైరయ్యాడు. గని ఆవరణలో షామియానా వేసి, శాలువా కప్పి, మైకు ముందు నిలబెట్టారు. "పులి! పులి!" అని వెనక వరసల్లోంచి అరిచారు. అంత మందిని ఆయన ఎప్పుడూ ఖాళీ చేతులతో పంపలేదు. ఆడవాళ్ళు కూర్చున్నచోట రెండో వరసలో అనంతమ్మ ఉంది. చందర్ మైకు పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకు కథలు రావు," అన్నాడు. అని వచ్చి కూర్చున్నాడు.

షామియానా ఊగిపోయేలా నవ్వారు. చందర్ వేసిన జోకుల్లో అదే గొప్పదని ఈనాటికీ కాలనీలో చెప్పుకుంటారు. అందరికంటే ముందు నవ్వింది అనంతమ్మే. ఆ నవ్వు ఎలాంటిదో చూద్దామని తల ఎత్తబోయి, చందర్ శాలువా అంచు సర్దుకుంటూ ఉండిపోయాడు.